తొలి కాపు ఆనపకాయ

మేము రామచంద్రపురంలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుంటున్నాం. పెరడు లేదు. ఇంటి ఓనరుగారు మమ్మల్ని వాడుకోనిచ్చిన జాగా డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన, ఒక మడతమంచం వేస్తే నిండిపోయేంత. అక్కడ కూడా డబ్బాల కింద ఇటుకలు పెట్టుకోవాలనీ, స్లాబు చెమ్మగిల్లకూడదనీ ముందే చెప్పారు. ఆ మంచమంత జాగాలో కూరగాయలు పండించడం మొదలుపెట్టేనాటికి నేను నా చేత్తో కొత్తిమీర గింజ కూడా చల్లి ఎరగను.

ఎందుకు మొదలుపెట్టానో నిజం చెప్పుకోవాలి. అందరితోనూ ఆరోగ్యం కోసమన్నాను. మందులు కొట్టిన కూరలు పాపకి పెట్టడం ఇష్టం లేదన్నాను. అది అబద్ధం కాదు గానీ అసలు సంగతి వేరు. మా నాన్నకి రాజమండ్రిలో టైలరింగ్ షాపు ఉండేది. నేను కత్తెరకీ మిషనుకీ మధ్య పెరిగాను, ఇప్పుడూ ఇంట్లో జాకెట్లు కుడుతుంటాను. మా అత్తవారిది పాలకొల్లు దగ్గర రైతు కుటుంబం. పెళ్ళైన కొత్తలో వాళ్ళ నారుమడి చూసి "గడ్డి భలే పెరిగిందండీ" అన్నాను. ఆ మాట ఇన్నేళ్ళుగా ప్రతి శుభకార్యంలోనూ మా ఆడపడుచు చెప్పి నలుగురినీ నవ్విస్తూనే ఉంది. నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చాక మిషను మీద కూర్చుని ఆ నవ్వులు తలుచుకునేదాన్ని.

మామయ్యగారు మా దగ్గరే ఉంటారు. జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. చుట్టూ చేలన్నీ రొయ్యల చెరువులైపోయి, ఉప్పునీరు ఊరడంతో ఆయన పొలంలో వరి ఎర్రబడిపోతుంటే, ఇక లాభం లేదని చెరువు వేసుకునేవాళ్ళకే లీజుకిచ్చేశారు. అత్తయ్యగారు పోయాక మా ఇంటికొచ్చారు. పని లేక ఆయన చేతులు ఎప్పుడూ ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. మా ఆయనకి సామర్లకోటలో ఉద్యోగం, పొద్దున్నే ఆరింటికి వెళ్ళిపోతారు. పాప నాలుగో తరగతి. పగలంతా ఇంట్లో నేనూ మామయ్యగారే.

ఖాళీ పెయింటు డబ్బాలు తెచ్చాను. కొబ్బరి పొట్టు, కాలవ గట్టు మట్టి, పశువుల ఎరువు కలిపి నింపాను. ఫోన్లో వీడియోలు చూసి టమాటా, వంగ, తోటకూర వేశాను. టమాటా ఆకులు ముడుచుకుపోయాయి. వంగ మొక్క ఏపుగా పెరిగి పూత మొత్తం రాల్చేసింది. తోటకూర ఒక్కటే నా మాట విన్నది.

మామయ్యగారు సాయంత్రాలు డాబా ఎక్కి చూసేవారు. చూసి ఊరుకునేవారు కాదు.

"నీళ్ళెక్కువయ్యాయమ్మా. వేరు కుళ్ళిపోద్ది."

"ఆ డబ్బాకి అడుగున చిల్లులు చాలవు."

"టమాటాకి ఇదా అదును?"

ఆయన చెప్పినవన్నీ నిజాలే. అందుకే ఎక్కువ మండేది. ఒకరోజు వడియాలు ఎండబెట్టుకోడానికి ఓనరుగారు పైకొచ్చారు. ఆవిడ ముందు మామయ్యగారు నవ్వుతూ, "మా కోడలు మొక్కలకి నీళ్ళు పోస్తోందో, ఊడుపులకి మడి నింపి దమ్ము చేస్తోందో తెలీట్లేదండి" అన్నారు. ఆవిడ పగలబడి నవ్వింది. ఆవిడ కిందికి వెళ్ళేదాకా ఆగి, చేతిలో మగ్గు నేలకేసి కొట్టాను.

"మామయ్యగారూ, మీరు పండించినట్టు నేను పండించలేను. నాకు తెలుసండి. చెయ్యి వేస్తే వెయ్యండి. లేకపోతే దయచేసి నా డబ్బాల జోలికి రాకండి. ప్రతిదానికీ ఓ వంక పెట్టకండి."

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉండి, కాసేపటికి పోయింది. "అలాగేనమ్మా" అన్నారు. అంతే. ఆ తరవాత నా మొక్కల గురించి ఒక్క మాట అనలేదు. డాబా ఎక్కేవారు, ట్యాంకుకి అటు పక్కన నిలబడి రోడ్డు చూసుకుని దిగిపోయేవారు.

పాపతో కూడా అలాగే ఉండేదాన్ని. డాబా మీద కోసిన కూర పళ్ళెంలో మిగిలిస్తే ఊరుకునేదాన్ని కాదు. "దీని వెనకాల ఎంత కష్టం ఉందో తెలుసా నీకు?" అనేదాన్ని. ఒకసారి తోటకూర వేపుడు తిననని మొరాయిస్తే, స్కూలు వ్యాను వచ్చి హారన్ కొడుతున్నా చివరి ముద్ద మింగేదాకా కుర్చీలోంచి లేవనివ్వలేదు. కళ్ళనిండా నీళ్ళతో మింగి వెళ్ళింది. లంచ్ బాక్స్ ఖాళీగా వస్తేనే ఆ సాయంత్రం ఇంట్లో మంచి మాటలు ఉండేవి.

వానలు మొదలయ్యాక కొత్త ఎరువు బస్తా తెప్పించి డబ్బాలకి పంచాను. పది రోజులకి వంగ మొక్క తీసేసిన డబ్బాలో ఏదో తీగ మొలిచింది. నేను పెట్టింది కాదు, ఎరువులో గింజ ఉన్నట్టుంది. ఆకు గుండ్రంగా, మెత్తగా, నూగుతో ఉంది. ఫోన్లో ఫొటోలతో పోల్చి చూసుకుని ఆనపతీగ అని తేల్చాను. నైలాను తాళ్ళతో ట్యాంకు మీదికి పందిరి కట్టాను.

మామయ్యగారు ఒకరోజు ట్యాంకుకి ఇటు పక్కకి వచ్చి ఆగారు.

"ఇది నువ్వు పెట్టిందేనా అమ్మా?"

"లేదండీ. దానంతటదే వచ్చింది."

ఆయన వంగి ఒక ఆకు పట్టుకు చూశారు. ఏదో అనబోయారు. నా మొహంలోకి చూసి, "సర్లే" అని దిగిపోయారు. ఆయన నోటిదాకా వచ్చిన మాట మింగేశారని నాకు అర్థమైంది. అర్థమై, గెలిచినట్టు అనిపించింది. ఆ సంగతి ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

తీగ పందిరంతా అల్లుకుంది. సాయంత్రం విచ్చే తెల్ల పూలలో మగ పువ్వు కోసి ఆడ పువ్వుకి రాయడం నేర్చుకున్నాను. రెండు పిందెలు పసుపు రంగుకి తిరిగి రాలిపోయాయి. మూడోది నిలిచింది. రోజూ మంచం దిగగానే వెళ్ళి చూసుకునేదాన్ని. చేతికి లేత నూగు తగులుతుంటే, ఈసారి పాలకొల్లు వెళ్ళినప్పుడు ఎవరు నవ్వుతారో చూస్తాను అనుకునేదాన్ని.

దసరా సెలవులకి ముందు శుక్రవారం ఆ కాయ కోశాను. తొలి కాపు కదా, దేవుడికి నైవేద్యం పెట్టాలనుకున్నాను. మా ఆయన ఉద్యోగానికి వెళ్ళాక సగం కాయ ముక్కలు కోసి పాలు పోసి కూర వండాను. నైవేద్యానికి వండినది ముందు రుచి చూడకూడదు గదా, చూడలేదు. దోసకాయ కోస్తే ముక్క నోట్లో వేసుకుని చేదు చూస్తాం. ఆనపకాయని అలా చూడాలని నాకు తోచనే లేదు.

మామయ్యగారికి షుగరు. వాకింగులో ఎవరో చెప్పారని పొద్దున్నే పరగడుపున ఆనపకాయ రసం తాగుతారు. రోజూ బజారు కాయతో తీస్తాను. ఆ రోజు మిగతా సగంతో తీశాను. అల్లం ముక్క వేసి, వడకట్టి, స్టీలు గ్లాసునిండా పోసి తీసుకెళ్ళాను. ఇచ్చి, పక్కకి వెళ్ళకుండా అక్కడే నిలబడ్డాను.

ఆయన ఒక గుక్క తాగి ఆగారు. కళ్ళు ఒక్క క్షణం మూసుకున్నారు.

"ఎలా ఉందండీ?"

నా వైపు చూశారు. చాలా రోజుల తరవాత నేను ఆయన్ని నా మొక్కల గురించి అడిగిన మొదటి మాట అది.

"బాగుందమ్మా" అన్నారు. మిగతాది ఊపిరి బిగబట్టి, గ్లాసు దించకుండా తాగేశారు.

నేను పొంగిపోయాను. కాయ ఫొటో కుటుంబం గ్రూపులో పెట్టాను. దేవుడి ముందు కూర గిన్నె పెట్టి దణ్ణం పెట్టుకుని, అదే కూర అన్నంలో కలిపి పాప బాక్సు నింపాను. "ఇవాళ మన ఆనపకాయ. మొత్తం తినాలి" అన్నాను. పాప తలూపి వ్యానెక్కింది.

మరి అరగంట కూడా కాలేదు. బాత్రూంలోంచి పెద్దగా వాంతి చప్పుడు. వెళ్ళేసరికి మామయ్యగారు గోడ పట్టుకుని వంగిపోయి ఉన్నారు. పైత్యం చేసిందేమో అనుకున్నాను. నిమ్మరసం కలిపిచ్చాను, అదీ నిలవలేదు. వాంతులు, విరేచనాలు ఒకదాని వెంట ఒకటి. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నారు. చెమటకి బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఓనరుగారు ఆటో పిలిచారు. నేనూ, ఆటో అతనూ చెరో పక్కా పట్టుకుని మెట్లు దింపాం. దిగుతుండగా ఆయన "అమ్మాయ్, పాప..." అని ఏదో అన్నారు.

"పాప స్కూలుకెళ్ళిందండీ. మీరు మాట్లాడకండి."

నర్సింగ్ హోమ్‌లో వెంటనే సెలైను పెట్టారు. డాక్టరుగారు వచ్చి అడిగారు.

"ఏం తిన్నారమ్మా పెద్దాయన?"

"ఇంకా టిఫిన్ చెయ్యలేదండి. ఆనపకాయ రసం తాగారంతే."

"రసంలో ఏమన్నా తేడా ఉందా?"

"లేదండి. రోజూ తాగేదే."

'కాయ మాత్రం మా డాబా మీదది' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. దానికీ దీనికీ సంబంధం లేదని నాకు నేను చెప్పుకున్నాను. అంతకంటే లోతున ఇంకో మాట ఉంది. ఉంటే మాత్రం ఎవరికీ తెలియకూడదు అని. డాక్టరుగారు రాత్రి తిన్నది పడలేదేమో అనుకుని ఇంజెక్షన్లు రాసి వెళ్ళారు.

మా ఆయనకి ఫోన్ చేశాను. బయల్దేరుతున్నానన్నారు. మామయ్యగారు మధ్య మధ్య కళ్ళు తెరిచి నా వైపు చెయ్యి చాచేవారు. నోరు తెరిస్తే వాంతి వచ్చేది. "పడుకోండి, మాట్లాడకండి" అంటూ నేను ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ మంచం మీద పెట్టేసేదాన్ని. ఎన్నిసార్లు అలా పెట్టానో లెక్కలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా వాంతిలో రక్తం పడింది. నర్సు బీపీ చూసి పరుగెత్తింది. డాక్టరుగారు వచ్చి ఈసారి నన్నడగలేదు. మామయ్యగారి చెవి దగ్గర వంగి గట్టిగా అడిగారు.

"పెద్దాయనా, పొద్దున తాగిన రసం ఎలా ఉంది?"

మామయ్యగారి పెదాలు ఎండిపోయి అంటుకుపోయాయి. విడదీసి, "చేదు" అన్నారు. "ఒట్టి చేదండి."

డాక్టరుగారు నిటారుగా నిలబడి నా వైపు తిరిగారు. "చేదు సొరకాయ రసం విషంతో సమానమమ్మా. రోజూ తాగేదే అన్నారుగా మీరు?"

"రోజూ బజారు కాయండి. ఇవాళ్టిది... మా డాబా మీద కాసిందండి."

"ఆ మాట పొద్దున్నే చెప్పాలా వద్దా?" అన్నారు. నా జవాబు కోసం ఆగలేదు. "ఇక్కడ లాభం లేదు. కాకినాడ తీసుకెళ్ళాలి. అంబులెన్స్ చెప్తున్నాను" అంటూ బయటికెళ్ళారు.

అప్పుడు మామయ్యగారు నా మణికట్టు పట్టుకున్నారు. సెలైను సూది ఉన్న చేత్తోనే పట్టుకున్నారు. ఆ నీరసంలో అంత పట్టు ఎక్కడిదో తెలీదు.

"పాప డబ్బా" అన్నారు. "కూర పెట్టావా?"

పొద్దుటి నుంచీ ఆయన చెప్పబోతున్నది అదే. మెట్లు దిగుతూ అన్నదీ, చెయ్యి చాచి అనబోయిందీ అదే. గోడ గడియారంలో పన్నెండు దాటి అయిదు నిమిషాలు. స్కూల్లో పన్నెండుంపావుకి లంచ్ బెల్లు.

స్కూలుకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఇటు చూస్తే మామయ్యగారు, అటు చూస్తే గడియారం. ఆయన నా చెయ్యి వదిలేసి, వేళ్ళతో 'వెళ్ళు' అన్నట్టు విసిరారు. నర్సుతో, "ఒక్క పావుగంటండి, మా పాప కూడా అదే తింటుంది, చూస్తుండండి" అని బయటికి పరుగెత్తాను.

ఆటో దొరికింది. కాలవ వంతెన దగ్గర కొబ్బరికాయల లారీ అడ్డంగా నిలబడిపోయింది. వెనక్కీ పోదు, ముందుకీ రాదు. ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు. నేను దిగి లారీ పక్కనుంచి సందు చేసుకుని వంతెన దాటాను. చెప్పు తెగింది. రెండో చెప్పు కూడా అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఎండకి రోడ్డు కాలుతోందని తరవాత అరికాళ్ళు చూసుకుంటే గానీ తెలీలేదు. మలుపు తిరుగుతుండగా స్కూలు బెల్లు వినబడింది.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "లోపలికెళ్ళాలంటే పర్మిషన్ ఉండాలండి."

"మా పాప బాక్సులో విషం ఉంది" అన్నాను. అతను గేటు తీసేశాడు.

వరండాలో పిల్లలు వరసగా కూర్చుని బాక్సులు విప్పుకుంటున్నారు. మా పాప చివరి స్తంభం దగ్గర ఉంది. బాక్సు మూత తీసి ఉంది. లోపల ఒక్క మెతుకు లేదు.

నేను మోకాళ్ళ మీద కూలబడి తన భుజాలు పట్టుకున్నాను. "ఏం చేశావ్? అన్నం ఏం చేశావ్?"

పాప నన్నూ, నా ఉత్తి కాళ్ళనీ చూసి బిత్తరపోయింది. "తినేశానమ్మా."

"అంతా? అప్పుడేనా?"

"ఇంటర్వెల్‌లోనే తినేశా. మొత్తం తినేశా."

"కడుపు నొప్పి ఉందా? వాంతి వస్తోందా? చెప్పు!" అంటూ కుదిపేశాను. పాప తల అటూ ఇటూ ఊపుతూ, "బాగుందమ్మా, కూర చాలా బాగుంది" అంది. పొద్దున మామయ్యగారు అన్న మాట. అదే మాట, అంతే గబగబా. వాళ్ళ మేడం వచ్చి నా చేతులు విడిపించింది. "ఏమైందండీ? పాప భయపడుతోంది, చూడండి" అంది.

చూశాను. అవును, భయపడుతోంది. విషానికి కాదు, దాని సంగతి తనకింకా తెలీదు. నాకే భయపడుతోంది.

గొంతు తగ్గించుకున్నాను. తగ్గించుకోవడం ఆ క్షణంలో ఎంత కష్టమైందో. "నాన్నా, విను. ఆ కూర పాడైపోయింది. చేదుగా ఉంది. తాతయ్య ఆ కాయ రసమే తాగి, నేను బాధపడతానని బాగుందన్నారు. ఇప్పుడు హాస్పిటల్లో ఉన్నారు. నువ్వు నిజంగా తింటే నిన్ను కూడా ఇప్పుడే తీసుకెళ్ళాలి. తినకపోతే మంచిది. తినకపోతే నాకు చాలా చాలా సంతోషం."

పాప ఖాళీ బాక్సుకి మూత పెట్టేసింది. "తిట్టవుగా?"

"తిట్టను."

"పారేశానమ్మా. ఇంటర్వెల్‌లో ఒక్క ముద్ద పెట్టుకున్నా. చేదుగా ఉంటే ఊసేశా. కుళాయి దగ్గర డస్ట్‌బిన్‌లో పడేశా." ఒక్కసారి బావురుమంది. "బాక్సు ఖాళీగా లేకపోతే నువ్వు కోప్పడతావని."

నమ్మాలని ఉంది. కానీ తను ఏది అబద్ధం చెప్పిందో ఏది నిజం చెప్పిందో ఎలా తెలుస్తుంది? కుళాయి దగ్గరికి వెళ్ళి డస్ట్‌బిన్‌లో చెయ్యి పెట్టాను. పెన్సిల్ చెక్కిన పొట్టు, చిత్తు కాగితాలు, వాటి కింద పాలు పోసిన కూర కలిపిన తెల్లటి అన్నం, ముద్దగా. రెండు చేతులతో పైకి తీసి చూశాను. బాక్సెడూ ఉంది. వేలికంటిన మెతుకు నాలిక మీద పెట్టుకుని ఊసేశాను. నోరంతా కాసరకాయ కొరికినంత చేదు. కుళాయి పక్క గోడకి ఆనుకుని మొదటిసారి ఏడ్చాను.

పాపని వెంటబెట్టుకుని నర్సింగ్ హోమ్‌కి వచ్చేసరికి అంబులెన్స్‌లోకి మామయ్యగారిని ఎక్కిస్తున్నారు. ఆయన కళ్ళు మూసే ఉన్నాయి. పాప "తాతయ్యా" అంటే తెరిచారు. "తినలేదండీ, పారేసింది" అన్నాను. ఆయన కంటి చివర్నుంచి నీటి బొట్టు చెవిలోకి జారింది.

కాకినాడ ఆసుపత్రి గుమ్మంలో మా ఆయన ఎదురుచూస్తున్నారు. స్ట్రెచర్ లోపలికి వెళ్ళాక జరిగింది మొత్తం చెప్పాను. డాక్టరుకి దాచిన మాటతో సహా చెప్పాను. ఆయన పాపని ఎత్తుకుని కారిడార్ ఆ చివరికి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడిపోయారు. నాలుగో తరగతి పిల్లని ఎత్తుకుని చాలాసేపు దించలేదు.

ట్యూబు వేసి చూసిన డాక్టర్లు, కడుపులో పొరంతా పుండుపడి రక్తం కారుతోందన్నారు. దీనికి విరుగుడంటూ లేదు, రెండు రోజులు గడవాలి, వయసు కూడా ఉంది కదా అన్నారు. ఆ రెండు రోజులూ నేను ఐసీయూ తలుపుకి ఎదురుగా ఒకే కుర్చీలో కూర్చున్నాను. తలుపు తెరిచినప్పుడల్లా మాకేనేమో అని లేచేదాన్ని.

పాలకొల్లు నుంచి మా ఆడపడుచు వచ్చింది. నా ఎదురుగా నిలబడి, "నారుకీ గడ్డికీ తేడా తెలీని మనిషివి, ఎవరు పండించమన్నారు వదినా నిన్ను? మా నాన్న ఏం చేశారు నీకు?" అంది. ఈసారి ఆ మాటకి చుట్టుపక్కల ఎవరూ నవ్వలేదు. కాసేపటికి తనే నా పక్క కుర్చీలో కూలబడింది. "గ్రూపులో ఫొటో చూసి, బాగుంది వదినా అని టైపు చేసి కూడా పంపలేదు నేను" అంది. ఎందుకు చెప్పిందో నాకు తెలీదు. ఇద్దరం మళ్ళీ తలుపు వైపే చూస్తూ కూర్చున్నాం.

మూడో రోజు రక్తం ఆగింది. నాలుగో రోజు నాలుగు చెంచాల మజ్జిగ తేట నిలిచింది. వారానికి ఇంటికి పంపారు. కేజీల కొద్దీ తగ్గి, కాలర్ బోన్ల దగ్గర గుంటలు పడి, ఆయన సగం మనిషి అయిపోయారు.

ఆయన వచ్చేలోపే డాబా ఎక్కి తీగ పీకేశాను. పందిరి మీద ఇంకో మూడు కాయలున్నాయి, నూగుతో, చూడముచ్చటగా. బయట పడేస్తే పశువులు తింటాయేమోనని సంచిలో కట్టి గొయ్యి తీయించి పూడ్పించాను. మిగతా డబ్బాలు కూడా బోర్లించేశాను.

ఇంటికొచ్చిన రెండో రోజు ఆయనకి జావ పట్టిస్తూ, ఇక ఆపుకోలేక అడిగాను.

"మొదటి గుక్కలోనే తెలిసింది కదండీ మీకు?"

"తెలిసింది."

"మరి ఎందుకు తాగారు?"

ఆయన జావ మింగి, తుండుగుడ్డతో మూతి తుడుచుకున్నారు. "ఎరువులో మొలిచిన తీగ చేదు కాయొచ్చమ్మా. చేదు ఆనప గొడ్డు కూడా ముట్టదు. ఆ మొలక చూసినరోజే చెప్దామనుకున్నాను. వద్దన్నావు గదా అని ఊరుకున్నాను. ఇక గ్లాసు చేతికిచ్చి నువ్వు అక్కడే నిలబడి చూస్తున్నావు. ఏం చెప్పను? ఒక్క గ్లాసు చేదుకి మనిషి చస్తాడా అనుకున్నాను." తుండుగుడ్డ మడుస్తూ, "నాదీ తప్పేలే. పాప డబ్బా సంగతి నాకు ముందే తట్టాల్సింది" అన్నారు.

క్షమించమని అడుగుదామనుకున్నాను. గిన్నెలో మిగిలిన జావ చెంచాతో తిప్పుతూ కూర్చున్నాను. "చల్లారిపోతోందమ్మా, పెట్టు" అన్నారు.

మూడు నెలలు డాబా ఎక్కలేదు. మళ్ళీ మొదలుపెట్టమన్నది మా ఆయన. "డబ్బాలు అలా బోర్లా పడుంటే నాన్నకీ ఏమీ తోచట్లేదు" అన్నారు. ఈసారి విత్తనాలు మామయ్యగారు చెప్పిన దుకాణంలో, ఆయన చెప్పినవే కొన్నాను. ఎరువులో తనంతట తాను మొలిచింది ఏదైనా ఆయనే పీకేస్తారు. తీగ జాతులు వెయ్యలేదు. బెండ, గోంగూర, మిరప, అంతే. ఇప్పటికీ వండిన ప్రతి కూరా ముందు నేను చెంచాడు తిని, పది నిమిషాలు ఆగి గానీ ఎవరికీ వడ్డించను. శుక్రవారాలు నైవేద్యానికి బెల్లం ముక్క పెడుతున్నాను. పాప చాలా కాలం నా కళ్ళలోకి చూస్తూ మొదటి ముద్ద పెట్టుకునేది.

మొన్నామధ్య ఆదివారం బెండకాయ వేపుడు చేశాను. రెండు రోజులు కోయకుండా వదిలేసిన కాయలు. నలుగురం కూర్చున్నాం. పాప ఒక ముక్క నమిలి, నమిలి, పళ్ళెం పక్కన పెట్టింది.

"అమ్మా, ఇది బాలేదు. పీచులా ఉంది."

నా చేతిలో గరిటె ఆగింది. మా ఆయన తినడం ఆపి నా వైపు చూశారు. పాత కోపం ఒకటి గొంతులోకి వచ్చింది, లేదని చెప్పను.

మామయ్యగారు పళ్ళెంలోంచి తలెత్తకుండానే, "ముదిరిపోయాయమ్మా. నాకూ నమలడం అవట్లేదు" అన్నారు.

నేను లేచి వేపుడు గిన్నె వంటింట్లో పెట్టేసి, పప్పూ ఆవకాయా తీసుకొచ్చాను. ఆ పూట నలుగురం దాంతోనే తిన్నాం.